స్పెషల్ స్కూల్లో చదువు నాణ్యతను దేనితో కొలవాలి?

క్లుప్తంగా: ప్రత్యేక అవసరాలున్న పిల్లల బడికి మార్కులు, ఉత్తీర్ణత శాతం కొలబద్దలు కావు. భవనం, పరికరాలు, టీచర్ల సంఖ్య అవసరమే గానీ అవి ఉన్నంత మాత్రాన చదువు వస్తున్నట్టు కాదు. పిల్లలు ఈ రోజు ఎక్కడున్నారో రాసుకోవడం, తరువాతి మెట్టును స్పష్టంగా పెట్టుకోవడం, పెద్దల సాయాన్ని క్రమంగా తగ్గించడం, ఫలితం రాకపోతే పద్ధతి మార్చడం అనే చక్రం ఎంత బాగా తిరుగుతోందన్నదే నాణ్యత. ఈ చక్రం ఎక్కువసార్లు ఆగిపోయేది సాయం తగ్గించే దగ్గర.

మామూలు కొలత ఎందుకు పనికిరాదు

మామూలు బడిలో ఒకే పాఠం, ఒకే పరీక్ష ఉంటాయి కాబట్టి పోలిక సులువు. స్పెషల్ స్కూల్లో ఎనిమిది మంది ఉన్న తరగతిలో ఒకరు చిన్న వాక్యాలు చదువుతుంటారు, మరొకరు పిలిస్తే తల తిప్పడం నేర్చుకుంటుంటారు, ఇంకొకరికి లెక్కలు బాగా వచ్చినా నోట మాట రాదు. వీరందరి సగటు తీస్తే వచ్చే అంకెకు అర్థం ఉండదు.

కొలవడం కష్టం కావడంతో చూపు లెక్కపెట్టగలిగిన వాటి మీదికి పోతుంది. ర్యాంపు ఉందా, సెన్సరీ గది (వెలుగు, శబ్దం, స్పర్శలతో ఇంద్రియాలకు పని కల్పించే గది) ఉందా, ఎంతమంది పిల్లలకు ఒక టీచరు, ఎవరికి ఏ డిప్లొమా ఉంది వంటివి తనిఖీ చేస్తారు. ఇవన్నీ వంటకు కావలసిన సరుకుల లాంటివి. వంట ఎలా కుదిరిందో సరుకుల జాబితా చెప్పదు. రెండో వైపు తల్లిదండ్రులు, బిడ్డ ఏడవకుండా బడికి వెళ్తున్నాడా, అక్కడివాళ్లు ప్రేమగా చూస్తున్నారా అని చూస్తారు. ఇది తప్పనిసరిగా చూడాల్సిన విషయమే. కానీ ప్రేమగా చూసుకునే బడిలో కూడా ఏడాదంతా కొత్తగా ఏమీ నేర్పకుండా గడిచిపోవచ్చు. ఆ నష్టం వెంటనే కనబడదు. పదేళ్ల తరువాత, తన చొక్కా తాను వేసుకోలేని యువకుడిగా కనబడుతుంది.

ఈ చిక్కు న్యాయస్థానాల దాకా వెళ్లింది. అమెరికా సుప్రీంకోర్టు 1982లో ఒక బధిర విద్యార్థిని కేసులో, బడి అందించే చదువు వల్ల పిల్లలకు ప్రయోజనం కలగాలని చెప్పింది. ఎంత ప్రయోజనం అన్న ప్రశ్నకు మాత్రం ఒక్క కొలత పెట్టలేదు. దాంతో కొన్ని దిగువ కోర్టులు సున్నా కంటే కాస్త ఎక్కువైతే చాలన్న అర్థం తీసుకున్నాయి. 2017లో ఆటిజం ఉన్న విద్యార్థి కేసులో అదే కోర్టు ఏకగ్రీవంగా ఆ అర్థాన్ని తోసిపుచ్చి, ఆ బిడ్డ పరిస్థితికి తగిన పురోగతి సాధించేలా ప్రణాళిక ఉండాలని తేల్చింది. ఆ కేసులో తల్లిదండ్రులు ఎత్తిచూపిన విషయం చాలా సాదాసీదాది. బడి ఏటా ఇచ్చిన ప్రణాళికల్లో లక్ష్యాలు దాదాపు మారలేదు. నిరుడు రాసినవే ఈ ఏడూ ఉన్నాయంటే నిరుడు నేర్పింది ఫలించలేదన్నమాట.

ఇంగ్లండు మరో దారిలో వెళ్లింది. జాతీయ పాఠ్యప్రణాళిక మొదటి మెట్టుకు కింద ఉన్న పిల్లల కోసం 1990ల చివర్లో ఎనిమిది మెట్ల కొలమానం తెచ్చింది. చాలా ఏళ్లు వాడాక తేలిందేమిటంటే, తీవ్రమైన బహుళ వైకల్యం ఉన్న పిల్లలు నిచ్చెన ఎక్కినట్టు ఒక్కో మెట్టూ ఎక్కరు. అదే నైపుణ్యాన్ని కొత్త మనిషి దగ్గర, కొత్త గదిలో చూపడమే వారికి పెద్ద ముందడుగు. ఆ ముందడుగు నిచ్చెన మీద కనబడదు. 2016లో ఒక సమీక్షా సంఘం ఆ మెట్లను తీసేయమంది. బడి పాఠాంశాల స్థాయికి చేరని పిల్లలకు ఇప్పుడు అక్కడ అన్వేషణ, గ్రహింపు, ముందే ఊహించడం, పట్టుదల, తనంతట తాను మొదలుపెట్టడం అనే ఐదు కోణాల్లో చూస్తున్నారు. 2021 నుంచి ఇది తప్పనిసరి అయింది. రెండు దేశాలూ చివరికి వచ్చి ఆగింది ఒక్కచోటే: బిడ్డను పక్క బిడ్డతో పోల్చకుండా, నిన్నటి తనతోనే పోల్చాలి.

లక్ష్యం రాసిన వాక్యంలోనే సగం తెలిసిపోతుంది

ప్రతి బిడ్డకూ ఒక వ్యక్తిగత విద్యా ప్రణాళిక ఉంటుంది. బడుల్లో దాన్ని ఐఈపీ అంటారు. బడి నాణ్యత తెలుసుకోవడానికి ముందుగా చదవాల్సిన కాగితం అదే.

‘సంభాషణా నైపుణ్యం మెరుగుపరచాలి’ అన్నది లక్ష్యం కాదు, కోరిక. దాన్ని ఎవరూ తప్పని నిరూపించలేరు, నెరవేరిందనీ చూపలేరు. అదే విషయాన్ని ఇలా రాయవచ్చు: ‘బల్ల మీద నాలుగు బొమ్మ కార్డులుంటే, తనకు కావలసిన వస్తువు కార్డును తీసి, రెండు మీటర్ల దూరంలో ఉన్న పెద్దవారి చేతికి ఎవరూ చెప్పకుండానే ఇస్తాడు. రోజుకు పది అవకాశాల్లో ఎనిమిదిసార్లు, వరుసగా మూడు రోజులు, కనీసం ఇద్దరు వేర్వేరు పెద్దల దగ్గర.’ ఏ పరిస్థితిలో, ఏ పని, ఎంత కచ్చితంగా, ఎవరెవరి దగ్గర అనే నాలుగూ ఇందులో ఉన్నాయి. తరగతిలోకి కొత్తగా వచ్చిన టీచరు కూడా ఇది చదివి రేపు ఉదయం నుంచి నేర్పగలరు.

దీని పక్కనే ప్రస్తుత స్థితి అంకెల్లో ఉండాలి. ‘ఇప్పుడు పది అవకాశాల్లో ఒక్కసారి ఇస్తున్నాడు, అదీ మోచేయి తడితేనే’ అన్న వాక్యం లేకపోతే ఆర్నెల్ల తరువాత వచ్చిన ఎనిమిది గొప్పదో కాదో తెలియదు. మొదటి రెండు వారాలు నేర్పడం కంటే గమనించడానికే ఎక్కువ సమయం ఇచ్చే బడిని తల్లిదండ్రులు బద్ధకమని తప్పుపడతారు. నిజానికి అది మంచి లక్షణం.

లక్ష్యాల సంఖ్య కూడా చూడాలి. ఇరవై అయిదు లక్ష్యాలు రాసిన ప్రణాళిక ఘనంగా కనిపిస్తుంది. కానీ ఒక్కో లక్ష్యానికి రోజుకు కనీసం పది ప్రయత్నాలు కావాలనుకుంటే, ఆ ఒక్క బిడ్డకే రోజుకు రెండు వందల యాభై ప్రయత్నాలు చేయించి, రాసిపెట్టాలి. అది జరిగే పని కాదు. అయిదారు లక్ష్యాలు పెట్టుకుని వాటిని నిజంగా నేర్పే బడి మేలు.

బుద్ధిమాంద్యం తీవ్రంగా ఉన్నచోట నేర్చాడు, నేర్వలేదు అనే రెండు గళ్లు చాలవు. 1968లో మానసిక ఆరోగ్య సేవల కోసం తయారైన అయిదు అంచెల కొలత ఇక్కడ బాగా పనికొస్తుంది. ఆశించిన ఫలితానికి సున్నా, దానికంటే కొంచెం, చాలా ఎక్కువైతే +1, +2, తక్కువైతే -1, -2. ఒక్కో అంచె ఎలా ఉంటుందో నేర్పడం మొదలుపెట్టక ముందే రాసుకోవాలి. ఫలితం వచ్చాక అంచెలు రాస్తే అది కొలత కాదు.

ఒక సులువైన పరీక్ష ఉంది. ఒకే తరగతిలో ఇద్దరి ప్రణాళికల మీద పేర్లు మూసి చదవండి. ఏది ఎవరిదో తల్లి గుర్తుపట్టలేకపోతే ఆ ప్రణాళిక ఎవరికోసమూ రాసింది కాదు.

పని ఎవరిది, సాయం ఎవరిది

స్పెషల్ స్కూల్లో నేర్పే కళ అంతా సాయం చేయడంలో కంటే దాన్ని వెనక్కి తీసుకోవడంలోనే ఉంది. చేతులు కడుక్కోవడం తీసుకుందాం. కుళాయి దగ్గరకు రావడం, తిప్పడం, చేతులు తడపడం, సబ్బు తీసుకోవడం, అరచేతులు రుద్దడం, చేతుల వెనక వైపు రుద్దడం, నురగ పోయేదాకా కడగడం, కుళాయి కట్టడం, తుడుచుకోవడం అని అది తొమ్మిది మెట్లు. ప్రతి మెట్టుకూ సాయం అనేక స్థాయుల్లో ఉంటుంది: చేయి పట్టి చేయించడం, మోచేయి తట్టడం, చేసి చూపడం, వేలితో చూపడం, నోటితో చెప్పడం, ఏమీ చేయకపోవడం.

చాలామంది పిల్లలకు చివరి మెట్టు నుంచి వెనక్కి నేర్పడం బాగా కుదురుతుంది. మొదటి ఎనిమిదీ పెద్దవారి సాయంతో చేయించి, తుడుచుకోవడం మాత్రం బిడ్డ తనంతట తాను చేస్తాడు. పని పూర్తయిన తృప్తి ప్రతిసారీ అతని చేతిలోనే పడుతుంది. అది స్థిరపడ్డాక కుళాయి కట్టడం, ఆ తరువాత కడగడం, అలా ఒక్కో మెట్టూ వెనక్కి జరుగుతారు.

పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే మాటసాయంలో. ‘కుళాయి తిప్పు... సబ్బు తీసుకో... రుద్దు...’ అని ప్రతి మెట్టుకూ చెబుతూ పోతే ఆ గొంతు కూడా పనిలో ఒక మెట్టుగా కలిసిపోతుంది. బిడ్డ సబ్బు ముందు నిలబడి మాట కోసం ఎదురుచూస్తాడు. చూసేవారికి ‘చెబితే అన్నీ చేస్తాడు’ అనిపిస్తుంది. నిజానికి నేర్చుకున్నది చేతులు కడుక్కోవడం కాదు, ఆజ్ఞ కోసం ఆగడం. మాటసాయం ఇవ్వడానికి అన్నిటికంటే సులువు, మాన్పించడానికి అన్నిటికంటే కష్టం. అందుకే అనుభవమున్న టీచర్లు ఇలాంటి పనులు నేర్పేటప్పుడు వెనక నిలబడి, మాట లేకుండా, చేతితోనే నడిపించి, ఆ చేతిని మణికట్టు నుంచి మోచేతికి, అక్కడి నుంచి భుజానికి జరుపుతూ తీసేస్తారు. బిడ్డ ఆ స్పర్శను ఇష్టపడకపోతే చేసి చూపే దారి పట్టాలి.

సాయం తగ్గించడానికి సమయాన్ని కూడా వాడతారు. మొదటి కొన్ని ప్రయత్నాల్లో ప్రశ్న వేసిన వెంటనే జవాబు చూపిస్తారు. తరువాత నాలుగైదు సెకన్లు ఆగుతారు. ఆ లోపు బిడ్డ తనంతట తాను చేస్తే సరి, లేకపోతే చూపిస్తారు. నాలుగు సెకన్లు వినడానికి చిన్నవే గానీ తరగతి గదిలో అవి చాలా పొడవు. ఆగలేక ముందే చేయి చాచడమే పెద్దల అలవాటు. మంచి బడిని గుర్తుపట్టాలంటే ఆ నిశ్శబ్దం ఉందేమో గమనించాలి.

తెలియకుండా ఇచ్చే సాయం ఇంకా ప్రమాదకరం. సరైన కార్డు వైపు టీచరు చూపు పోవడం, అది ఎప్పుడూ కుడి పక్కనే ఉండటం, చివరగా పెట్టిన కార్డే జవాబు కావడం వంటివి పిల్లలు చాలా త్వరగా పసిగడతారు. కార్డుల చోటు ప్రతిసారీ మార్చాలి, టీచరు కార్డుల వైపు కాకుండా బిడ్డ ముఖం వైపు చూడాలి.

ఇతరుల సాయాన్ని బిడ్డ సొంత మాటగా పొరబడితే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ ఒకటుంది. మాట రాని ఆటిజం పిల్లల చేయి పట్టుకుని అక్షరాల పలక మీద టైపు చేయించే పద్ధతి 1990ల్లో వేగంగా వ్యాపించింది. పిల్లలు పెద్ద పెద్ద వాక్యాలు రాస్తున్నారని కుటుంబాలు ఆనందించాయి. తరువాత బిడ్డకు ఒక బొమ్మ, చేయి పట్టిన మనిషికి మరో బొమ్మ చూపి పరీక్షించారు. టైపు అయినవి ఆ మనిషి చూసిన బొమ్మల పేర్లే. అమెరికాలోని స్పీచ్ థెరపిస్టుల సంఘం 2018లో దీన్ని నిరాధారమైన పద్ధతిగా ప్రకటించి, వాడవద్దని చెప్పింది. చేయి పట్టినవారు మోసగాళ్లు కారు. తాము నడిపిస్తున్నామన్న సంగతి వారికే తెలియదు. కాబట్టి ఈ ఫలితం ఎవరి చేతిది అని అడగడం టీచరును అనుమానించడం కాదు. బిడ్డ సొంత గొంతును కాపాడటం.

శాతాల్లో దాగే తప్పులు

రోజూ రాసుకునే బడుల్లో కూడా రాసిన అంకెను చదవడంలో తప్పులు జరుగుతాయి. రెండు కార్డుల్లో ఒకటి ఎంచుకోమంటే ఏమీ తెలియని బిడ్డకైనా సగం సరిపోతాయి. అక్కడ 55 శాతం అంటే నేర్చుకోవడం మొదలు కాలేదని అర్థం. నాలుగు కార్డులైతే అదే 55 మంచి అంకె. ‘80 శాతం’ అన్న గీటురాయి అన్నిటికీ పెట్టడం మరో అలవాటు. రంగుల పేర్లలో 80 శాతం బాగానే ఉంది. రోడ్డు దాటడంలో పదింటికి ఎనిమిది అంటే రెండుసార్లు బండి కింద పడే ప్రమాదం. భద్రతకు సంబంధించిన పనుల్లో నూటికి నూరు తప్ప మరో గీటు ఉండకూడదు.

పని మెట్ల లెక్కలోనూ ఇదే మోసం ఉంది. తొమ్మిదిలో ఎనిమిది మెట్లు వచ్చాయంటే 89 శాతం. రాని ఆ ఒక్కటి సబ్బు అయితే చేతులు ఏ రోజూ శుభ్రపడలేదు. అందుకే మొత్తం శాతంతో సరిపెట్టక, ఏ మెట్టుకు ఏ స్థాయి సాయం అయిందో ఒక్కో అక్షరంతో గుర్తుపెట్టే పట్టిక కావాలి. అది నింపడానికి ఒక నిమిషం పట్టదు.

రాసిన అంకెలు ఏదో ఒక నిర్ణయానికి దారి తీయాలి. ఇప్పటి స్థితి నుంచి లక్ష్యం తేదీ దాకా గ్రాఫులో ఒక గీత గీసి, వరుసగా నాలుగు కొలతలు దాని కింద పడితే పద్ధతి మార్చాలన్నది బాగా స్థిరపడిన నియమం. మార్చడమంటే లక్ష్యం వదిలేయడం కాదు. మెట్టును ఇంకా చిన్నది చేయడం, సాయం రకం మార్చడం, బిడ్డకు నచ్చే బహుమతి మార్చడం, నేర్పే వేళ మార్చడం. ఫైలునిండా పట్టికలుండి ఏడాదిలో ఒక్కసారీ పద్ధతి మారలేదంటే ఆ పట్టికలు తనిఖీ అధికారి కోసం రాసినవి.

గడియారం చెప్పే నిజం

ఒక తరగతిలో ఆరుగురు పిల్లలు, ఒక టీచరు ఉన్నారనుకుందాం. అరగంట పీరియడులో ఒక్కొక్కరితో విడివిడిగా అయిదు నిమిషాలు పనిచేస్తే పద్ధతిగానే కనిపిస్తుంది. బిడ్డ వైపు నుంచి చూస్తే అయిదు నిమిషాలు చదువు, ఇరవై అయిదు నిమిషాలు ఎదురుచూపు. ఈ ఎదురుచూపులోనే ఊగడం, చేయి కొరుక్కోవడం, పక్కవారిని గిల్లడం మొదలవుతాయి. వాటిని ‘ప్రవర్తన సమస్యలు’ అని రాస్తారు.

దీన్ని ఎవరైనా కొలవవచ్చు. ఒక బిడ్డను ఎంచుకుని, అరగంటపాటు ప్రతి నిమిషం చివర ఒక్క చూపు చూసి, ఆ క్షణంలో పనిలో ఉంటే గీత, లేకపోతే సున్నా పెట్టాలి. ముప్పై గుర్తుల్లో గీతలు ఎనిమిదో పదో ఉంటే టీచర్ల సంఖ్య పెంచడానికి ముందు తరగతి నడిపే తీరు మార్చాలి. ఒంటరిగా చేయగలిగిన పనులను ఎడమ నుంచి కుడికి డబ్బాల్లో వరుసగా పెట్టి, ఎన్ని చేయాలో, అయిపోయాక ఏముందో బొమ్మల్లో చూపితే ఎదురుచూసే సమయం సొంత పనిగా మారుతుంది. అమెరికాలోని నార్త్ కరోలినాలో 1970ల్లో ఆటిజం పిల్లల కోసం రూపుదిద్దుకున్న విధానం ఈ సూత్రాన్నే వాడింది. ఆయాకు కూడా ‘చూసుకోండి’ అని చెప్పకుండా, ఏ బిడ్డకు ఏ మెట్టులో ఎంత సాయం చేయాలో రాసి ఇవ్వాలి. సహాయకులు పెరిగినకొద్దీ చదువు పెరగకపోవడానికి కారణం, వారికి పని చేసిపెట్టడమే తెలిసి, నేర్పడం ఎవరూ చెప్పకపోవడం.

భోజనం, మరుగుదొడ్డి, చెప్పులు విడవడం వంటి వాటికి పోయే గంటన్నరను వృథాగా లెక్కించే బడి ఒక రకం, అదే అసలైన పీరియడుగా లెక్కించే బడి మరో రకం. రెండిటికీ సిబ్బంది ఒక్కటే, గంటలూ ఒక్కటే.

పొద్దున్నే చూడాల్సినవి

చెవి మిషను పనిచేయకపోతే ఆ రోజు పాఠమంతా గాలిలో కలిసినట్టే. అయినా బ్యాటరీ అయిపోయిన మిషనుతో వారాల తరబడి కూర్చునే పిల్లలున్నారు, ఎందుకంటే వారు చెప్పలేరు. ‘ఆ, ఊ, ఈ, ష్, స్, మ్’ అనే ఆరు శబ్దాలను నోరు కనబడకుండా పలికి బిడ్డ స్పందన చూసే పరీక్షకు రెండు నిమిషాలు చాలు. తక్కువ శ్రుతి నుంచి ఎక్కువ శ్రుతి దాకా మాటలోని శబ్దాలన్నిటికీ ఈ ఆరూ ప్రతినిధులు. స్, ష్ వినబడక మిగిలినవి వినబడితే మిషను సవరించాలని అర్థం.

డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో మధ్యచెవిలో ద్రవం చేరడం, దగ్గరి చూపు మసకబారడం సాధారణం. ‘వినడు, పుస్తకం చూడడు’ అన్న ఫిర్యాదు వెనక చాలాసార్లు ఇవే ఉంటాయి. కొన్ని సెకన్లు శూన్యంలోకి చూసి మళ్లీ మామూలయ్యే మూర్ఛను అశ్రద్ధ అనుకోవడం మరో పొరపాటు. ఎప్పుడు, ఎంతసేపు అని రాసిపెట్టే పుస్తకం తరగతిలో ఉంటే డాక్టరుకు మందు మోతాదు నిర్ణయించడం తేలికవుతుంది. సెరిబ్రల్ పాల్సీ (మెదడు లోపం వల్ల కండరాల మీద పట్టు తప్పే స్థితి) ఉన్న బిడ్డ కుర్చీలో జారిపోయి ఉంటే అతని శక్తంతా తల నిలబెట్టుకోవడానికే పోతుంది. తుంటి వెనక్కి ఆని, పాదాలు గట్టిగా ఆనాకే చేతికి పని చెప్పాలి.

భాష అందని చోట చదువు లేదు

ఇది అన్నిటికంటే బరువైన విషయం. 1880లో మిలాన్‌లో జరిగిన బధిర విద్యా మహాసభ, సైగల కంటే నోటిమాటే శ్రేష్ఠమని తీర్మానించింది. ఆ తరువాత అనేక దేశాల బడుల్లో సైగలను నిషేధించారు. పెదవులు చదవడం మీదే ఏళ్లు గడిపిన పిల్లల్లో చాలామందికి ఏ భాషా పూర్తిగా రాలేదు. అదే వరుసలో 2010లో వాంకోవర్‌లో జరిగిన మహాసభ ఆ తీర్మానాలను తిరస్కరించి విచారం వ్యక్తం చేసింది. మధ్యలో 130 ఏళ్లు. భాష కుదిరే లేత వయసు దాటాక వచ్చే విచారం ఆ పిల్లలకు ఏమీ తిరిగి ఇవ్వలేదు.

ఇప్పుడు కనిపించే లోపం వేరు. బడి సైగల భాషను ఒప్పుకుంటుంది, కానీ టీచరుకు కొన్ని వందల సైగలే వస్తాయి. బిడ్డ భాష టీచరు భాష దగ్గరే ఆగిపోతుంది. టీచరు చెప్పింది పిల్లలకు అర్థమైందా అన్న దానికంటే, పిల్లలు తమలో తాము మాట్లాడుకునేది టీచరుకు అర్థమవుతోందా అన్నది మంచి ప్రశ్న. బధిరులైన టీచర్లు బడిలో ఉండటం అందుకే అవసరం.

చూపు లేని పిల్లల విషయంలో ఆడియో పుస్తకాలు, తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్లు వచ్చాక, వేలితో తడిమి చదివే బ్రెయిలీ ఎందుకన్న వాదన వినిపిస్తోంది. లూయీ బ్రెయిలీ 1829లో ప్రచురించిన విధానంలో ఆరు చుక్కలతో 63 గుర్తులు వస్తాయి. ఆడియో కథ చెబుతుంది గానీ ఒత్తు ఎక్కడుందో, వాక్యం ఎక్కడ ఆగిందో, భిన్నంలో ఏది పైన ఏది కింద ఉందో చెప్పదు. వినడం మాత్రమే వచ్చిన బిడ్డకు తప్పుల్లేకుండా రాయడం కష్టం. రెండూ కావాలి, ఒకటి మరొకదానికి బదులు కాదు.

మాట రాని పిల్లల కోసం బొమ్మ కార్డులు ఇచ్చిపుచ్చుకునే పద్ధతి 1985లో అమెరికాలోని డెలావేర్‌లో మొదలైంది. దాని తొలి దశకు ఇద్దరు పెద్దలు కావాలి. ఒకరు బిడ్డకు ఇష్టమైన వస్తువుతో ఎదురుగా ఉంటారు, రెండోవారు వెనక నుంచి మాట లేకుండా చేతికి సాయం చేస్తారు. మనుషులు చాలక ఒక్కరే రెండు పాత్రలూ వేస్తే ‘ఏం కావాలి?’ అని అడిగి చేయి చాచడం తప్పదు. బిడ్డ అడిగితే జవాబిస్తాడు గానీ తానుగా మొదలుపెట్టడు. అసలు నేర్పాలనుకున్నది ఆ మొదలుపెట్టడమే.

బొమ్మల బోర్డులో పదాల ఎంపిక కూడా నాణ్యతే. తినేవి, ఆడుకునేవి మాత్రమే ఉన్న బోర్డుతో బిడ్డ అడగగలడు, అంతే. ‘వద్దు, ఆపు, ఇంకా, నొప్పి, నువ్వు, చూడు, ఎక్కడ’ ఉంటే అభ్యంతరం చెప్పగలడు, బాధ చెప్పగలడు, ప్రశ్నించగలడు. ఆ బోర్డు భోజనం వేళకే బయటికి వచ్చి మిగతా రోజంతా బీరువాలో ఉంటే, మిగతా రోజంతా ఆ బిడ్డ నోరు మూసినట్టే. బోర్డు మీద వేలు పెట్టి పెద్దలు మాట్లాడటం చూడకుండా పిల్లలు దాన్ని నేర్చుకోరు.

ప్రవర్తన ఒక సమాచారం

కొట్టడం, కొరకడం, పారిపోవడం జరిగినప్పుడు ముందు ఏమైంది, ఏం చేశాడు, వెంటనే ఏం దొరికింది అనే మూడు గళ్లు వారం రోజులు నింపితే ఒక తీరు బయటపడుతుంది. పని తప్పించుకోవడానికి అరిచే బిడ్డను గది బయట కూర్చోబెడితే కోరుకున్నదే ఇచ్చినట్టు. పెద్దల దృష్టి కోసం అరిచే బిడ్డకు పొడవైన మందలింపు బహుమతి. ఒకే శిక్ష ఒకరిలో ఆ ప్రవర్తనను తగ్గించి మరొకరిలో పెంచడానికి కారణం ఇదే.

అలవాటైన స్పందనను ఆపగానే కొద్ది రోజులు ఆ ప్రవర్తన ఇంకా తీవ్రం కావచ్చు. ఇది ముందే తెలియని సిబ్బంది మూడో రోజుకు లొంగిపోతారు, దాంతో ఎక్కువ గట్టిగా అరిస్తే పని అవుతుందని బిడ్డ నేర్చుకుంటాడు. ఆపడంతోపాటు అదే అవసరాన్ని తీర్చే మాటో కార్డో నేర్పకపోతే ఏ ప్రణాళికా నిలవదు. ఉన్నట్టుండి మొదలైన ప్రవర్తనకైతే ముందు పంటి నొప్పి, చెవిపోటు, మలబద్ధకం, కొత్త మందు, నెలసరి చూడాలి. పట్టి ఆపడం, గదిలో బంధించడం జరిగితే ప్రతిసారీ ఎవరు, ఎందుకు, ఎన్ని నిమిషాలు అన్నది రాసి, అదే రోజు ఇంటికి తెలపాలి. ఆ పుస్తకం చూపడానికి వెనకాడే బడి గురించి మరింత అడగాలి.

థెరపీ గది తలుపు దాటితే

వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున స్పీచ్ థెరపీ అంటే వారానికి ఒక గంట. బిడ్డ మేలుకుని ఉండేది వారానికి దాదాపు తొంభై గంటలు. ఆ ఒక్క గంటలో నేర్చిన శబ్దాన్ని మిగతా గంటల్లో ఎవరూ అడగకపోతే అది ఆ గదికే పరిమితమవుతుంది. థెరపిస్టు తరగతిలోకి వచ్చి, భోజనం బల్ల దగ్గర, ఆటస్థలంలో టీచరుకు చేసి చూపే విధానానికి పేరు తక్కువ, ఫలితం ఎక్కువ.

నేర్పేసి, అదే అన్నిచోట్లా పాకుతుందని ఆశపడటాన్ని 1977లోనే ట్రెవర్ స్టోక్స్, డొనాల్డ్ బేయర్ అనే పరిశోధకులు ఒక ప్రధాన లోపంగా గుర్తించారు. ఎర్ర గ్లాసుతో నేర్చిన బిడ్డకు స్టీలు గ్లాసు గ్లాసు కాకపోవచ్చు. అందుకని మొదటి నుంచీ రెండు మూడు రకాల వస్తువులు, ఇద్దరు ముగ్గురు మనుషులు, వేర్వేరు గదులు వాడాలి. ఇంటి నుంచి వారానికి ఒక ఫోన్ వీడియో తెప్పించుకుని చూసే టీచరుకు తన పాఠం ఎంతవరకు వెళ్లిందో తెలుస్తుంది. సెలవులకు ముందు రోజు, తెరిచిన మొదటి వారం అదే నైపుణ్యాన్ని కొలిస్తే ఎంత మరిచాడు, తిరిగి రావడానికి ఎన్ని రోజులు పట్టింది అన్నదీ తేలుతుంది. నెల పట్టే బిడ్డకు సెలవుల్లో ఇంట్లో చేయించాల్సింది రాసి ఇవ్వాలి.

పదహారేళ్ల బిడ్డ ముందు ఎలుగుబంటి బొమ్మలు

చిన్నప్పుడు మొదలుపెట్టిన రంగులు, ఆకారాలు, పూసలు గుచ్చడం వయసు మీరినా సాగుతూ ఉండటం స్పెషల్ స్కూళ్లలో తరచూ కనబడుతుంది. మానసిక వయసు నాలుగేళ్లని పరీక్ష చెప్పింది కాబట్టి నాలుగేళ్లవారి పాఠం అన్నది దాని వెనక ఆలోచన. ఆ యువకుడికి మిగిలిన బడి రోజులు మాత్రం నాలుగేళ్ల బిడ్డకు ఉన్నన్ని లేవు. ఒక్కో లక్ష్యాన్నీ ఒక ప్రశ్నతో వడపోయవచ్చు: ఇది అతనికి రాకపోతే అతని కోసం మరొకరు చేయాల్సి వస్తుందా? చొక్కా గుండీ పెట్టుకోవడం రాకపోతే ఎవరో పెట్టాలి. పూసలు గుచ్చడం రాకపోతే ఎవరూ గుచ్చనక్కరలేదు. వేళ్ల నైపుణ్యమే కావాలంటే అది గుండీల మీదే నేర్పవచ్చు.

అందుకే బడి వదలడానికి కనీసం నాలుగైదేళ్ల ముందు, ఆ తరువాత అతని ఒక రోజు ఎలా ఉండబోతోందో కుటుంబంతో, వీలైనంతవరకు అతనితో కూర్చుని గంట గంటకూ రాయాలి. పొద్దున్నే ఎవరు లేపుతారు, ఎక్కడికి వెళ్తాడు, ఎలా వెళ్తాడు, నొప్పి వస్తే ఎవరికి ఎలా చెబుతాడు, ఒంటరిగా ఎంతసేపు ఉండగలడు, ఎవరైనా తాకకూడని చోట తాకితే వద్దని అరవగలడా. అందులో ఖాళీగా మిగిలిన గళ్లే తరువాతి ఏడాది ఐఈపీలో లక్ష్యాలు కావాలి.